వాయు పీడన రహస్యాన్ని ముందుగా గుర్తించిన అమోంటన్స్

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్ పరీక్షలకు సిద్ధమయ్యే తెలుగు యువత సామాన్య శాస్త్రంలో చదివే వాయు నియమాల్లో గే-లుసాక్ నియమం ఒకటి. ఘనపరిమాణం మారనప్పుడు వాయు పీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుందన్నది దాని సారాంశం. ఆ సత్యాన్ని గే-లుసాక్ కంటే శతాబ్దం ముందే గుర్తించిన శాస్త్రవేత్త గియోమ్ అమోంటన్స్.

1663 ఆగస్టు 31న పారిస్‌లో జన్మించిన అమోంటన్స్ చిన్న వయసులోనే వినికిడి శక్తిని కోల్పోయారు. విశ్వవిద్యాలయంలో చదవకున్నా గణితాన్ని, యంత్రశాస్త్రాన్ని స్వయంకృషితో అభ్యసించారు. భారమితులను, ఉష్ణమాపకాలను మెరుగుపరిచారు. 1699లో ఘర్షణ నియమాలను ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ముందుంచారు.

గాజు బుడ్డిలో గాలిని బంధించి, దానికి అమర్చిన గొట్టంలోని పాదరసం ఎత్తును బట్టి ఆయన పీడనాన్ని కొలిచారు. చన్నీటి స్థాయి నుంచి మరిగే నీటి స్థాయికి వేడి చేసినప్పుడు అది దాదాపు మూడో వంతు పెరిగింది. తొలి పీడనం ఎంతైనా పెరుగుదల నిష్పత్తి మారలేదు. చల్లబరుస్తూ పోతే పీడనం పూర్తిగా అంతరించే స్థితి ఒకటి ఉండాలని ఆ ఫలితం సూచించింది.

అయితే నాటి ఉష్ణమాపకాలకు కచ్చితమైన, ఏకరూపమైన కొలమానం లేదు. పరిశోధన పరిపూర్ణం కాకముందే, 1705 అక్టోబరు 11న, 42 ఏళ్ల వయసులో అమోంటన్స్ కన్నుమూశారు. 1802లో గే-లుసాక్ ప్రకటించిన ఫలితాలు ప్రధానంగా స్థిర పీడనం వద్ద వాయువుల వ్యాకోచానికి సంబంధించినవి. 1848లో కెల్విన్ పరమ ఉష్ణోగ్రతామానాన్ని ప్రతిపాదించారు. అమోంటన్స్ ప్రయోగం సూచించిన ఆ అంతిమ శీతలం నేటి లెక్కలో మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్. పీడన నియమాన్ని అమోంటన్స్ పేరుతో పిలిచే పుస్తకాలు నేటికీ కొన్నే.