బంగారు వన్నె మందు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

పంటిపోటు పట్టినవానికి పగలు రేయి అనే భేదముండదు. సకల సంపదలు ఎదుట నిలిచినా, ఆ క్షణంలో అతడు కోరుకునేది బాధ తగ్గడం ఒక్కటే. అట్టి వేళ మనలో పలువురు దంతవైద్యుని మాట మరచి, మందుల అంగడికి పరుగెత్తి, పేరైనా అడుగకుండా నాలుగు క్యాప్సూళ్ళు కొని మింగుతారు. అట్టి సూక్ష్మజీవి నాశక ఔషధాలలో ఒక పెద్ద వంశానికి మూలమైన మందు ఒక తెలుగువాని పర్యవేక్షణలో వెలువడినదని తెలిసినవారు మాత్రం కొద్దిమందే. ఆ మహనీయుడే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. బాల్యంలో చదువుపట్ల ఆసక్తి అంతగా లేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నంలో గాని కృతార్థుడు కాలేదు. తండ్రి గతించిన ఆ కుటుంబంలో, కుమారుని చదువు ఆగరాదని తల్లి వెంకమ్మ పడిన శ్రమ చెప్పనలవి కానిది. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీజీ పిలుపునందుకొని ఆయన ఖద్దరు ధరించాడు. అది శస్త్రచికిత్సాచార్యునికి ఆగ్రహకారణమైంది. ఫలితంగా ఆయనకు లభించవలసిన ఎం.బి.బి.ఎస్. పట్టం లభించక, దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. లభించింది.

అంతకన్న లోతైన గాయం మరొకటి. ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల వ్యవధిలో స్ప్రూ అనే వ్యాధికి బలియైనారు. ఆహారంలోని సారం ఒంటపట్టక మనిషి క్షీణించిపోయే వ్యాధి అది. తోబుట్టువులను కాపాడలేని దైన్యం ఆయనను పరిశోధనవైపు మరలించింది. మామగారి సహాయంతో, ధర్మనిధుల అండతో 1920ల తొలినాళ్ళలో ఆయన అమెరికా చేరాడు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయింది. ఆయన మరల మాతృభూమిని చూడనేలేదు.

హార్వర్డులో ఆచార్య ఫిస్కేతో కలిసి 1925లో దేహద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఆ పద్ధతి నేటికీ వారిద్దరి పేర్లతోనే వ్యవహృతమవుతున్నది. కండరాల శక్తికి సంబంధించిన ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏ.టి.పి.ని గూర్చి వారు చేసిన కృషి జీవరసాయన శాస్త్రానికి పునాదిరాళ్ళలో ఒకటి. అయినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అనతికాలంలోనే పరిశోధనాధ్యక్షుడైనాడు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయడం, బోదకాలు వ్యాధికి హెట్రజాన్ మందు, రక్త క్యాన్సరుపై ప్రయోగించిన అమినాప్టెరిన్, ఇవన్నీ ఆయన నాయకత్వంలో సాధించినవే. సోదరులను హరించిన స్ప్రూ వ్యాధికి ఆ ఫోలిక్ ఆమ్లమే ఔషధమైంది. కాని అప్పటికి వారు గతించి ఎన్నో ఏళ్ళు గడిచాయి.

ఆనాటికి పెన్సిలిన్ లోకానికి పరిచయమైంది. అయితే దానికి లొంగని సూక్ష్మజీవులు అనేకం. వాటికి విరుగుడు మట్టిలోనే దొరుకునని నమ్మి, పలు ప్రాంతాల మట్టి తెప్పించి పరీక్షించే మహాప్రయత్నానికి సుబ్బారావు అండగా నిలిచాడు. డెబ్బదేండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్ ఆ పనికి పూనుకొని, 1945లో మిస్సోరీ ప్రాంతపు మట్టినుండి బంగారు వన్నె గల ఒక సూక్ష్మజీవిని వేరుచేశాడు. దానినుండి లభించిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి ప్రకటితమైంది. టెట్రాసైక్లిన్ వర్గంలో అదే మొదటిది. పెన్సిలిన్ సూక్ష్మజీవి గోడను చెరచగా, ఇది దాని మాంసకృత్తుల తయారీని ఆపివేస్తుంది. అదే ఏడాది ఆగస్టులో, యాభైమూడేళ్ళ ప్రాయంలో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశాడు.

ఆ బంగారు మందుకొక నీడ ఉన్నదన్న సంగతి ఆయన మరణానంతరం గాని తెలియలేదు. టెట్రాసైక్లిన్ సున్నపు ధాతువుతో జతకడుతుంది. చిగురు లోపల దంతం రూపొందే వయస్సులో పుచ్చుకొంటే ఆ దంతంలోనే స్థిరపడి, మొదట పసుపుగా, వెలుతురు సోకినకొద్దీ గోధుమవన్నెగా మారుతుంది. అందుచే గర్భిణులకు, ఎనిమిదేండ్లలోపు పిల్లలకు దీనిని సాధారణంగా ఇవ్వరు.

మన అనంతపురం వాసులకు ఈ మచ్చల సంగతి మరింత ముఖ్యం. వానలు కరవై, బోర్లు లోతైనకొద్దీ పలు గ్రామాల నీటిలో ఫ్లోరైడ్ అధికమై పిల్లల దంతాలు గారపట్టినట్లు మచ్చలు తేలుతాయి. తరగతిలో నవ్వు వచ్చినప్పుడు అరచేతితో నోరు కప్పుకొనే విద్యార్థులను నేను ఏటా చూస్తున్నాను. నీటి దోషమైనా, మందు దోషమైనా, పన్ను లోలోపల రూపొందే బాల్యంలోనే పనిచేస్తాయి. ఒకసారి ఏర్పడిన మచ్చను ఏ క్యాప్సూలూ పోగొట్టలేదు. పరిశుభ్రమైన నీరే మొదటి మందు.

మరి పంటికి చీము పట్టినప్పుడు ఏ మందు మేలు? చీమును వెడలించడం, పుచ్చును శుభ్రపరచడం, అవసరమైతే పన్ను తీయడం, ఇవే అసలు చికిత్స. అవి జరిగిన పిదప పలువురికి ఈ ఔషధాల అవసరమే ఉండదు. జ్వరం వచ్చినా, వాపు వ్యాపించినా వైద్యులు సాధారణంగా పెన్సిలిన్ వర్గపు అమాక్సిసిలిన్‌ను ఎన్నుకొంటారు. గాలి సోకని చోట పెరిగే సూక్ష్మజీవులకై అవసరాన్నిబట్టి మెట్రోనిడజోల్ జతచేస్తారు. పెన్సిలిన్ పడనివారికి అజిత్రోమైసిన్ వంటివి ఇస్తారు. సుబ్బారావు వారసత్వమైన టెట్రాసైక్లిన్ వర్గం నేడు పంటి చీముకన్న చిగుళ్ళ వ్యాధులలోనే ఎక్కువగా ఉపకరిస్తున్నది. వాపు మెడకు దిగినా, నోరు తెరవలేకపోయినా, మింగడం గాని శ్వాస గాని కష్టమైనా, అంగడి మందుతో కాలయాపన చేయక తక్షణం ఆసుపత్రికి చేరాలి.

విద్యార్థులారా! మందును కనుగొనడానికి ఒక జీవితం ఖర్చైంది. దానిని తెలిసి వాడడానికి కావలసినది కొంచెం ఓర్పు, వైద్యుని మాటపై గౌరవం మాత్రమే. అనవసరంగా మింగిన ప్రతి మాత్ర సూక్ష్మజీవులకు ఎదిరించే నేర్పును అలవరుస్తుంది. అవసరమైన మందును అవసరమైన వేళ మాత్రమే పుచ్చుకోవడమే సుబ్బారావు శ్రమకు మనం చెల్లింపగల ఋణం.