మన విజయనగరం గురజాడ

గురజాడ అనగానే మనకు అప్పారావు గారే గుర్తుకొస్తారు. అదే ఇంటిపేరుతో గురజాడ శ్రీరామమూర్తి గారు కూడా ఉన్నారు. 'కవి జీవితములు' ఆయన రచన. పోటీ పరీక్షల్లో ఇద్దరినీ ఒకరనుకుని మార్కులు పోగొట్టుకునే వాళ్లున్నారు. ఇక్కడ మనం చెప్పుకునేది 'కన్యాశుల్కం' రాసిన అప్పారావు గారి గురించి.

ఆయన 1862 సెప్టెంబరు 21న యలమంచిలి దగ్గర రాయవరంలో మేనమామ గారింట పుట్టారు. చిన్న చదువు చీపురుపల్లిలో సాగింది. తండ్రి పోయాక విజయనగరం వచ్చారు. మహారాజా కాలేజీ ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు ఆయనకు ఉచితంగా భోజనం, వసతి ఇచ్చి ఆదుకున్నారు. పూటకింత అన్నం, తల దాచుకునే చోటు దొరికితే చదువు ఎంత దూరం పోతుందో హాస్టలు పిల్లలమైన మనకు వేరే చెప్పనక్కర్లేదు. 1884లో నెలకు 25 రూపాయల జీతానికి టీచరుగా చేరి, 1886లో బి.ఏ. పూర్తి చేసి, ఆ కాలేజీలోనే లెక్చరర్ అయ్యారు.

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో అలాంటి ఆదరణ మన తాతముత్తాతలకు దొరకలేదు. వాళ్లను బడి గడప కూడా తొక్కనివ్వలేదు. అగ్రకులంలో పుట్టిన అప్పారావు గారు మాత్రం ఆ గీతను ప్రశ్నించారు. మాల పిల్లను ప్రేమించిన రాజు కథగా 'లవణరాజు కల' రాశారు.

డబ్బు తీసుకుని పసిపిల్లలను ముసలివాళ్లకు కట్టబెట్టే దురాచారం అప్పట్లో ఉండేది. మహారాజా ఆనందగజపతి లెక్క తీయిస్తే విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు తేలాయి. దానిమీదే 'కన్యాశుల్కం' పుట్టింది. 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. 1909లో దాదాపు కొత్తగా తిరగరాశారు. గిరీశం, మధురవాణి మన ఊళ్ల మనుషుల్లాగే మాట్లాడతారు.

శ్రీకాకుళం ప్రాంతపు గిడుగు రామమూర్తి గారు ఆయనకు చిన్ననాటి స్నేహితులు. ఇద్దరూ వాడుక భాష కోసం పోరాడారు. గ్రాంథికమే ఉండాలన్న పండితులతో విభేదిస్తూ 1914లో అప్పారావు గారు మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చారు. 1915 నవంబరు 30న, 53 ఏళ్లకే కన్నుమూశారు.

ఇంట్లో ఎవరూ చదవని మనం కూడా ఈనాడు పుస్తకం తెరిచి అర్థం చేసుకోగలుగుతున్నామంటే ఆ పోరాటం చలవ కూడా ఉంది. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! కాలేజీలో మన యాసకు ఎవరైనా నవ్వితే తల దించుకోవద్దు. తెలుగు నాటకాల్లో గొప్పదని పేరుపడ్డది ఈ నేల మాటతోనే తయారైంది.