మట్టిని నమ్మిన యల్లాప్రగడ సుబ్బారావు

మన జోల్వా ఉన్న పల్సానా, కడోదరా ప్రాంతంలో బట్టలకు రంగులద్దే మిల్లులు ఎక్కువ. ఆ రంగునీళ్లు శుద్ధి కాకుండా నేలలో ఇంకితే మట్టి పాడవుతుంది. అయితే ఆ రంగును విరగ్గొట్టగల బాక్టీరియా కూడా చాలాసార్లు ఆ మట్టిలోనే దొరుకుతుంది. దీని గురించి చదువుతుంటే మాకు ఒక తెలుగువారి పేరు ఎదురైంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పదమూడేళ్లప్పుడు యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని కాశీకి బయలుదేరితే ఇంట్లోవాళ్లు పట్టి వెనక్కి తెచ్చారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. (మార్కులు తగ్గిన వాళ్లం ఈ వాక్యం రెండుసార్లు చదివాం!) మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఖద్దరు కట్టి ప్రొఫెసరుకు కోపం తెప్పించారు. స్ప్రూ అనే పేగుల జబ్బు అన్నదమ్ములను తీసుకుపోయింది. మందు కనిపెట్టాలన్న పట్టుదల అక్కడే మొదలైంది.

మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయంతో 1922లో బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రపు పాత్రలు శుభ్రం చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. బదిలీ మీద వెళ్లినవాళ్లం సెలవులకైనా సొంతూరు వెళతాం. ఆయన మళ్లీ ఇంటికి రానేలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు.

1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరాక ఆయన మట్టి వైపు తిరిగారు. ఎన్నో చోట్ల నుంచి మట్టి తెప్పించారు. ఒక్కో పిడికెడు మట్టిలోని సూక్ష్మజీవులను వేరుచేసి, రోగం తెచ్చే బాక్టీరియా పక్కన పెంచి, ఏది దాన్ని ఆపుతుందో చూడడం పని. ఆయన పర్యవేక్షణలో, డెబ్బై దాటిన బెంజమిన్ డగ్గర్‌కు మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలం మట్టిలో బంగారు రంగు జీవి ఒకటి దొరికింది. దాని నుంచి వచ్చిందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు. 1994లో సూరత్‌ను ప్లేగు భయం పట్టినప్పుడు జనం షాపుల్లో వెదికింది ఆ కుటుంబపు మందు కోసమే.

రంగును తినే బాక్టీరియాను వెదికే పద్ధతి కూడా దాదాపు ఇంతే. రంగునీళ్లు పడిన మట్టి తెచ్చి, ఆహారంగా ఆ రంగునే పెడతారు. బతికి పెరిగినదే పనికొచ్చేది. అజో రంగుల్లో రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య ఉన్న బంధాన్ని గాలి అందని చోట కొన్ని బాక్టీరియా తెంపుతాయి. రంగు పోతుంది. కానీ సంతోషించడానికి లేదు, మిగిలే అమీన్లలో కొన్ని విషమే. వాటిని గాలి తగిలే చోట వేరే బాక్టీరియా ముగించాలి. ఒక్క జీవితో అయ్యే పని కాదిది.

ఆరియోమైసిన్ సంగతి లోకానికి తెలిసిన 1948లోనే, ఆగస్టులో, సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. మందును ప్రకటించిన పేరు డగ్గర్‌ది.

అయితే 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త ఒక కొత్త శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టారు. అది దొరికింది పూలతోటలో కాదు. మురుగునీటిని శుద్ధి చేయడానికి రాళ్ల మీద చిలకరిస్తారు కదా, ఆ రాళ్లకు పట్టే జిగురు పొరలో, మురికిని తినే జీవుల మధ్య.