సరోజిని గారి రిజిస్టర్ మ్యారేజ్

సరోజినీ నాయుడు గారి ఇంగ్లీష్ పద్యం ఒకటి స్కూల్లో పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఆవిడ పెళ్లి సంగతి మాత్రం ఈ మధ్యే తెలిసింది, అదీ మా ఇంట్లో జరుగుతున్న గొడవ వల్ల. మా పెద్దమ్మ కూతురు ఒక క్రైస్తవ అబ్బాయిని చేసుకుంటానంది. మతం మారడం ఇద్దరికీ ఇష్టం లేదు.

సరోజిని గారు 1879లో హైదరాబాద్‌లో పుట్టారు. నాన్న అఘోరనాథ్ చటోపాధ్యాయ బెంగాలీ బ్రాహ్మణుడు, బ్రహ్మసమాజి, అక్కడ కాలేజీ ప్రిన్సిపాల్. ఆవిడ పన్నెండేళ్లకే మద్రాసు మెట్రిక్యులేషన్ పాసయ్యారు. (నేను ఆ వయసులో ఏం చేశానో అడక్కండి.) గోవిందరాజులు నాయుడు అనే తెలుగు డాక్టర్‌ని ఇష్టపడ్డారు. 1895లో ఆవిడకి ఇష్టం లేకపోయినా ఇంగ్లండ్ పంపేశారు. 1898 సెప్టెంబరులో తిరిగొచ్చి, డిసెంబరులో మద్రాసులో ఆయన్నే చేసుకున్నారు. దగ్గరుండి జరిపించింది మన కందుకూరి వీరేశలింగం పంతులు గారు. పెళ్లికూతురికి పందొమ్మిదేళ్లు. అంటే నా వయసే.

బ్రాహ్మణ అమ్మాయి, బ్రాహ్మణేతర అబ్బాయి. అప్పటి కోర్టులు అనుసరించిన హిందూ ధర్మశాస్త్రం ప్రకారం అలాంటి పెళ్లి చెల్లదు. అందుకే 1872 నాటి మూడో చట్టం కింద చేసుకున్నారు. బ్రహ్మసమాజీల కోసం వచ్చిన చట్టం అది. పద్నాలుగు రోజుల ముందు నోటీసు, రిజిస్ట్రార్, ముగ్గురు సాక్షులు. ఇరవై ఒకటి నిండకపోతే తండ్రి అనుమతి. వీటన్నిటి కంటే పెద్ద షరతు ఇంకోటుంది. క్రైస్తవ, యూదు, హిందూ, ఇస్లాం, పార్సీ, బౌద్ధ, సిక్కు, జైన మతాల్లో ఏదీ నాది కాదని ఇద్దరూ రాసివ్వాలి. మన భాషలో చెప్పాలంటే, రిలిజియన్ ఫీల్డ్ ఖాళీగా ఉంటేనే ఫారమ్ సబ్మిట్ అవుతుంది! మతం మీద నమ్మకం పోనివాళ్లకి, కానీ వేరే మతం వాళ్లని ప్రేమించినవాళ్లకి, ఈ చట్టం ఏం చేసినట్టు?

ఆ డిక్లరేషన్ తీసెయ్యాలని భూపేంద్రనాథ్ బసు బిల్లు పెడితే, 1912లో జిన్నా గట్టిగా సమర్థించారు. బిల్లు వీగిపోయింది. 1918లో అదే జిన్నా, పార్సీ అమ్మాయి రత్తీ పెటిట్‌ని పెళ్లి చేసుకోవాల్సి వచ్చేసరికి ఆవిడే ఇస్లాంలోకి మారారు. సరోజిని గారు ఆ ఇద్దరికీ దగ్గరి స్నేహితురాలు. 1923లో షరతు సగమే సడలింది: హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము మతం వదలకుండా చేసుకోవచ్చు. క్రైస్తవులు, ముస్లింలు అప్పుడూ బయటే.

1925లో కాంగ్రెస్ అధ్యక్షత, 1947లో యునైటెడ్ ప్రావిన్సెస్ గవర్నర్ పదవి, ఇవన్నీ మనం జీకే కోసం చదివినవే. 1949 మార్చిలో లక్నోలో పోయారు. ఏ మతం వాళ్లైనా మతం వదలకుండా పెళ్లి చేసుకునే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ వచ్చింది 1954లో. ఆవిడ చూడలేదు.

మా అక్క ఆ చట్టం కిందే నోటీసు ఇచ్చింది. డిక్లరేషన్ పోయింది గానీ పద్నాలుగు రోజులు కాస్తా ముప్పై అయ్యాయి. ఆఫీసు గోడ మీద పేర్లు చూసి ఎవరో అనకాపల్లి అంతా చెప్పేశారు. పెద్దమ్మ ఫోన్ స్విచాఫ్ చేసి కూర్చుంది. ఇంకా పదకొండు రోజులున్నాయి. సాక్షులు ముగ్గురు కావాలి, ఇద్దరు దొరికారు. సాక్షికి పద్దెనిమిది నిండితే చాలట. మూడో సంతకం నాదే.