ఒంటికాలి పరుగు



పేద విద్యార్థుల కాలేజీ చదువుకు నిధి సమకూర్చాలని మీ విచారణ యువకులు ఒక పరుగు ఏర్పాటు చేసి, చందా పుస్తకంతో మీ గుమ్మం ముందు నిలబడ్డారనుకోండి. వీళ్ళు పరుగెత్తడానికీ, ఎవరో ఫీజు కట్టుకోవడానికీ సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ సంబంధం ఏమిటో తెలియాలంటే కెనడా దేశపు యువకుడు టెర్రీ ఫాక్స్ జీవితాన్ని తెలుసుకోవాలి.

టెర్రీ 1958 జూలై 28న విన్నిపెగ్ నగరంలో జన్మించాడు. తండ్రి రోలాండ్ రైల్వే ఉద్యోగి. తల్లి బెట్టీ. నలుగురు బిడ్డలలో టెర్రీ రెండవవాడు. తర్వాత ఆ కుటుంబం పడమటి తీరాన ఉన్న పోర్ట్ కోక్విట్లం పట్టణంలో స్థిరపడింది. టెర్రీకి బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. కానీ పొట్టివాడు. నీకు పరుగైతే నప్పుతుందని స్కూలు శిక్షకుడు సలహా ఇచ్చినా బాస్కెట్‌బాల్ వదలలేదు. పట్టుదలతో సాధన చేసి, స్కూలు చివరి ఏడాదికి మిత్రుడు డగ్ ఆల్వర్డ్‌తో కలిసి ఉత్తమ క్రీడాకారుడి బహుమానం పంచుకున్నాడు.

1977 మార్చిలో కుడి మోకాలి నొప్పికి కారణం ఎముక కాన్సర్ అని తేలింది. మోకాలి పైభాగం వరకు కాలు తీసేశారు. అప్పటికి అతడికి పద్దెనిమిదేళ్లు. ఆ తర్వాత పదహారు నెలలు కీమోథెరపీ సాగింది. ఆస్పత్రిలో తనలాంటి కుర్రవాళ్లు బాధపడటం, కొందరు కన్నుమూయడం కళ్లారా చూశాడు. తాను బ్రతికి బయటపడ్డాడు కనుక వారికి ఋణపడి ఉన్నానని భావించాడు. కాన్సర్ పరిశోధనకు డబ్బు పోగుచేయడానికి దేశం ఈ చివర నుండి ఆ చివరకు పరుగెత్తాలని నిశ్చయించుకున్నాడు. మాట విన్న తల్లి వద్దని కోప్పడింది. ఏ తల్లి కోప్పడదు? అయినా అతడు కృత్రిమ కాలితో సాధన మొదలుపెట్టి, అయిదు వేల కిలోమీటర్లకు పైగా పరుగెత్తాడు.

1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్ నగరం వద్ద అట్లాంటిక్ సముద్రంలో కృత్రిమ కాలు తడిపి బయలుదేరాడు. రోజుకు సుమారు 42 కిలోమీటర్లు పరుగు. వెనుక వ్యానులో డగ్. గాలి, వాన, మంచు. కాలు మొండెం వద్ద పుండ్లు పడి రక్తం కారేది. టెర్రీని దేవదూతగా ఊహించుకోకండి. అలసటతో, చిరాకుతో ప్రాణస్నేహితుడితోనే పోట్లాడాడు. ఇద్దరికీ మాటలు దాదాపు ఆగిపోతే మధ్యవర్తిగా పదిహేడేళ్ల తమ్ముడు డారెల్ వచ్చి చేరాల్సి వచ్చింది. గొప్ప పని తలపెట్టినవారు కూడా మనలాంటి మనుషులే.

మొదట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కానీ పోర్ట్ ఓ బాస్క్ అనే చిన్న ఊరి వారు, జనాభా పదివేలు, పదివేల డాలర్లు పోగుచేసి ఇచ్చారు. అప్పటినుండి కెనడాలోని 2 కోట్ల 40 లక్షల మందిలో మనిషికొక డాలరు అడగాలన్న ఆశ అతడిలో బలపడింది. ధనవంతుడి లక్ష కన్నా, అందరి ఒక్కొక్క డాలరు అతడికి కావాలి.

143 రోజులలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక, సెప్టెంబరు 1న థండర్ బే పట్టణం దగ్గర ఆగిపోయాడు. కాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. పసిఫిక్ తీరం చేరనేలేదు. కానీ 1981 ఫిబ్రవరికల్లా నిధి 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటింది. మనిషికొక డాలరు! అతడు మరణశయ్యపై ఉన్నప్పుడు రెండవ జాన్ పాల్ పాపుగారు అతని కొరకు ప్రార్థిస్తున్నట్లు టెలిగ్రాం పంపారు. 1981 జూన్ 28న, ఇరవై మూడేళ్లు నిండడానికి సరిగ్గా నెల ముందు, టెర్రీ కన్నుమూశాడు.

అదే ఏడాది సెప్టెంబరులో అతని పేరిట మొదటి పరుగు జరిగింది. మూడు లక్షల మంది పాల్గొన్నారు. పోటీ లేదు, విజేత లేడు. నడిచినా సరే. తన పరుగును ఏ కంపెనీ వ్యాపార ప్రకటనగా వాడుకోరాదని టెర్రీ పెట్టిన నియమాన్నే ఈ పరుగులూ పాటించాయి. మన చెన్నైతో సహా అనేక దేశాల నగరాలలో ఇవి జరిగాయి.

ఇక చదువుల సంగతి. 1982లో కెనడా ప్రభుత్వం 50 లక్షల డాలర్ల మూలధనంతో టెర్రీ పేరిట కాలేజీ విద్యార్థులకు స్కాలర్‌షిప్ నిధి నెలకొల్పింది. మార్కులు మాత్రమే చూడలేదు. కష్టాలకు ఎదురు నిలిచినవారిని, పొరుగువారికి సేవచేసినవారిని వెదకి ఇచ్చారు. తాను డిగ్రీ పూర్తిచేయకుండానే వెళ్ళిపోయిన టెర్రీ, ఎందరో డిగ్రీలు అందుకోవడానికి కారకుడయ్యాడు.

కనుక పాఠకులారా, ఈసారి చందా పుస్తకం మీ గుమ్మానికి వచ్చినప్పుడు, ఎంత ఇవ్వగలమని వెనుకాడకండి. మీ వంతు పది రూపాయలే కావచ్చు. మీ ఇంటి పిల్లలను కూడా ఆ పరుగుకు పంపండి. మరొకరి చదువు కోసం చిందిన చెమట వారికి ఏ బడీ నేర్పని పాఠం నేర్పుతుంది.