పుట్టిన నేల రుణం తీర్చిన షోయబుల్లా ఖాన్

ఉపాధి కోసం ఊరు విడిచి వెళ్లడంలో దోషం లేదు. అల్లాహ్ భూమి విశాలమైనది, అందులో ఉపాధిని అన్వేషించమని ధర్మమే చెబుతోంది. అయితే అలా వెళ్లినవారి బిడ్డలకు సొంత ఊరు ఏది? తాతలు పుట్టినదా, తాము పుట్టినదా? ఈ ప్రశ్నకు తన ప్రాణంతో జవాబు చెప్పిన ఒక ముస్లిం యువకుని జీవితాన్ని మేము పాఠకుల ముందుంచుతున్నాము.

షోయబుల్లా ఖాన్ గారి తండ్రి హబీబుల్లా ఖాన్ గారిది నేటి ఉత్తరప్రదేశ్. నిజాం రాజ్యంలో రైల్వే పోలీసు ఉద్యోగం చేసేవారు. 1920 అక్టోబరులో నాటి వరంగల్ జిల్లా మహబూబాబాద్ ప్రాంతంలో షోయబ్ గారు జన్మించారు.

ఆ రోజుల్లో ‘ముల్కీ’, ‘గైర్ ముల్కీ’ వివాదం ఉండేది. బయటి నుంచి వచ్చినవారికే పెద్ద కొలువులు దక్కుతున్నాయని స్థానిక హిందువులూ ముస్లిములూ ఆవేదన చెందేవారు. 1919 నాటి ఫర్మానా ప్రకారం 15 ఏళ్లు ఇక్కడ నివసించి స్థిరపడినవారు ముల్కీ కాగలరు. కానీ కాగితం మీద ముల్కీ కావడం వేరు, ఇక్కడి ప్రజల కష్టసుఖాలను తనవిగా ఎంచడం వేరు.

ఉస్మానియాలో చదివిన షోయబ్ గారు సర్కారు కొలువును కాదని కలం పట్టారు. మందుముల నరసింగరావు గారి ఉర్దూ పత్రిక ‘రయ్యత్’లో పనిచేశారు. ప్రభుత్వం దాన్ని మూయించగా, బూర్గుల రామకృష్ణారావు గారి వంటివారి సహకారంతో 1947 నవంబరులో ‘ఇమ్రోజ్’ పత్రికను ప్రారంభించారు. ఇమ్రోజ్ అంటే ఈనాడు అని అర్థం.

దేశ విభజన తరువాత పొరుగు ప్రాంతాల నుంచి ఎందరో ముస్లిములు ప్రాణభయంతో హైదరాబాదుకు తరలివచ్చారు. వారి బాధ నిజమైనదే. కానీ మతం పేరిట రజాకార్లు గ్రామాల మీద దౌర్జన్యం చేయడాన్ని షోయబ్ గారు సహించలేదు. హైదరాబాదు భారతదేశంలో కలవడమే అందరికీ మేలని రాశారు. అదే కోరుతూ ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను 1948 ఆగస్టులో ప్రచురించారు.

ఆగస్టు 21 రాత్రి పత్రిక కార్యాలయం నుంచి ఇంటికి వెళుతుండగా దుండగులు ఆయనను కాల్చి, చేయి నరికారు. తెల్లవారేసరికి ఆయన కన్నుమూశారు. అప్పటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆగస్టు 27న నాటి జనగామ ప్రాంతంలోని బైరాన్‌పల్లిలో ఊచకోత జరిగింది. సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. ఆ తరువాత ఎందరో అమాయక ముస్లిములు కూడా బలయ్యారన్నది మరువరాని సత్యం. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. షోయబ్ గారు మాత్రం ఈ మట్టిలోనే నిద్రిస్తున్నారు.

సోదరులారా! న్యాయం విషయంలో స్వజనానికి వ్యతిరేకంగానైనా సాక్ష్యమివ్వమని దివ్యఖుర్ఆన్ ఆదేశిస్తోంది. మక్కాను ఎంతగానో ప్రేమించిన దైవప్రవక్త (స), మదీనాను కూడా తమకు ప్రియమైనదిగా చేయమని దుఆ చేశారు. వలస వెళ్లిన ఊరిని ప్రేమించడం పుట్టిన ఊరికి ద్రోహం కాదని దీని భావం.

నేడు జనగామ, మహబూబాబాద్ ప్రాంతాల నుంచి మన బిడ్డలు హైదరాబాదుకు, గల్ఫ్‌కు వెళుతున్నారు. అక్కడ ఎన్నేళ్లు చెమటోడ్చినా ఇఖామా గడువు తీరితే పరాయివారే. ఆ బాధ తెలిసిన మనం, భూపాలపల్లి బొగ్గు గనుల ఊళ్లకో, మన పట్టణాలకో పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీని బయటివాడని చిన్నచూపు చూడటం తగునా? ఎంతకాలం నుంచి ఉంటున్నామన్నది కాదు, పక్కవానికి అన్యాయం జరిగినప్పుడు ఎటువైపు నిలిచామన్నదే మన ఊరు ఏదో తేలుస్తుంది.

అల్లాహ్ షోయబ్ గారిని క్షమించి కరుణించుగాక! ఉన్న చోట న్యాయంగా మెలగే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.