హకీమ్ అందని వారికి హకీమ్ - అబూబక్ర్ అల్ రాజీ

జ్ఞానం కూడా ఒక అమానత్. ధనం ఉన్నవాడు తన ధనానికి జకాత్ చెల్లించాలి. మరి విద్య నేర్చినవాడు? తనకు తెలిసినదాన్ని తెలియని వారికి చేర్చడమే ఆ విద్యకు జకాత్ అని మన పెద్దలు చెబుతూ వచ్చారు.

రోగి విషయంలో ఈ మాట మరీ నిజం. మందు లోకంలో ఉండి కూడా అదేమిటో తెలియక ఒక ప్రాణం పోతే, ఆ ఇంటి వరకు ఆ మందు లేనట్టే. అల్లాహ్ ఏ వ్యాధినీ చికిత్స లేకుండా పంపలేదని దైవప్రవక్త (స) బోధించారు. ఆ చికిత్సను వెతకాలి. వెతికిన దాన్ని పరీక్షించాలి. పరీక్షకు నిలిచిన దాన్ని శిష్యులకు నేర్పాలి. నేర్చుకోవడానికి రాలేని బీదవాడి ఇంటి దాకా దాన్ని చేర్చాలి. ఈ నాలుగు పనులనూ ఒకే జీవితంలో చేసి చూపిన మనిషి అబూబక్ర్ ముహమ్మద్ ఇబ్న్ జకరియ్యా అల్ రాజీ. ఇతరుల కోసం అన్ని పుటలు రాసిన ఆ మనిషే చివరికి తన పుస్తకాన్ని తాను చదువుకోలేని స్థితికి వచ్చారు. ఆయన కథలో మనం ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది అదే.

రయ్ నుంచి బాగ్దాద్‌కు

నేటి ఇరాన్ రాజధాని టెహరాన్‌ను ఆనుకుని పూర్వం రయ్ అనే పెద్ద నగరం ఉండేది. ఆ ఊరివాడు కనుక ఆయనను రాజీ అన్నారు. ఐరోపా వారి నోట ఆ పేరు రాజెస్‌గా మారింది. మహా పండితుడు అల్ బీరూనీ లెక్క ప్రకారం ఆయన హిజ్రీ 251 షాబాన్ నెలలో, అంటే క్రీ.శ. 865లో పుట్టారు.

యౌవనంలో ఆయనకు ఊద్ వాద్యం మీద మక్కువ ఉండేదని చరిత్రకారులు రాశారు. తరువాత రసవాదం మీదకు మనసు పోయింది. కొలిమి ముందు కూర్చుని లోహాలనూ లవణాలనూ కరిగించి, వాటి గుణాలను రాసుకునేవారు. వైద్యం వైపు వచ్చేసరికి ముప్పై ఏళ్లు దాటాయి. చదువుకు వయసు మీరిపోయిందని దిగులుపడే వారికి ఇది గొప్ప ధైర్యం. ఆలస్యంగా మొదలుపెట్టిన ఆ మనిషే ముందు సొంత ఊరు రయ్‌లోనూ, తరువాత ఖలీఫాల రాజధాని బాగ్దాద్‌లోనూ ఆసుపత్రులకు పెద్దగా పనిచేశారు.

ఇక్కడ ఒక కథ గురించి చెప్పుకోవాలి. బాగ్దాద్‌లో ఆసుపత్రి ఎక్కడ కట్టాలో తేల్చడానికి రాజీ ఊరంతా మాంసం ముక్కలు వేలాడదీయించారని, అన్నిటికంటే ఆలస్యంగా కుళ్లిన చోటును ఎంచుకున్నారని చాలా పుస్తకాలలో ఉంది. కథ అందంగానే ఉంది. కానీ ఆ కథలో చెప్పే అజుదీ ఆసుపత్రి రాజీ మరణించిన యాభై ఏళ్ల తరువాత గాని కట్టలేదు. మన మహనీయులను గౌరవించడానికి లెక్క కుదరని కథలు అక్కరలేదు. వారి నిజమైన పనులే చాలు.

షాగిర్దుల వరుసలు

రాజీ పాఠం చెప్పే తీరును ఇబ్న్ అన్ నదీమ్ తన గ్రంథంలో వర్ణించాడు. ఉస్తాద్ పెద్ద ఆసనం మీద కూర్చునేవారు. ఆయన ముందు అనుభవం గల శిష్యులు, వారి తరువాత వారి శిష్యులు, ఆ వెనుక కొత్తగా చేరినవారు వరుసలుగా కూర్చునేవారు. రోగి వచ్చి ముందుగా ఎదురైన వారికి తన బాధ చెప్పుకునేవాడు. వారికి తెలిస్తే సరి. తెలియకపోతే తరువాతి వరుస వారి దగ్గరకు వెళ్లేవాడు. ఎవరికీ అంతు చిక్కనప్పుడే ఉస్తాద్ నోరు విప్పేవారు.

నేడు వైద్య కళాశాలల్లో విద్యార్థులను రోగి మంచం దగ్గర నిలబెట్టి ప్రశ్నలడిగి నేర్పుతారు. వెయ్యేళ్లకు పూర్వం రాజీ చేసిందీ ఇలాంటి పనే. పుస్తకం వల్లె వేస్తే హకీమ్ కాలేరు, రోగిని చూడాలి. తనకు తెలియనిది తెలియదని ఒప్పుకుని పైవారి దగ్గరకు పంపడమూ నేర్చుకోవాలి. బీదలను ఉచితంగా చూడడమే కాక, వారికి జరుగుబాటుకు సొమ్ము కూడా ఇచ్చేవారని ఆ గ్రంథకర్తే రాశాడు.

తన పొరపాటును రాసుకున్న వైద్యుడు

రాజీ తాను చూసిన రోగుల వివరాలను కాగితం మీద పెట్టేవారు. అబ్దుల్లాహ్ ఇబ్న్ సవాదా అనే రోగి సంగతి అందులో ఒకటి. అతనికి జ్వరం వచ్చి పోతుండేది. ఒకసారి రోజూ, ఒకసారి రోజు విడిచి రోజు. చలి, వణుకు, మాటిమాటికీ మూత్రం. ఇది విడుపు జ్వరం కావచ్చు, లేదా మూత్రపిండంలో పుండు కావచ్చునని రాజీ అనుకున్నారు. కొద్ది రోజులకు మూత్రంలో చీము పడింది. రోగం మూత్రపిండంలో ఉందని అప్పుడు తేలింది. దానికి తగ్గ మందులిచ్చి నయం చేశారు.

ఇంతవరకు ఏ వైద్యుడైనా గర్వంగా రాసుకుంటాడు. రాజీ అంతటితో ఆగలేదు. మొదటే ఎందుకు గట్టిగా చెప్పలేకపోయానని తనను తానే విచారించుకున్నారు. నిలబడినప్పుడు నడుములో బరువు వేలాడుతున్నట్టు ఉందా అని రోగిని తాను అడగనే లేదని, అడిగి ఉండవలసిందని రాసి పెట్టారు. తన పేరు తగ్గుతుందని భయపడలేదు. ఆ పొరపాటు చదివిన షాగిర్దు రేపు తన రోగిని ఆ ప్రశ్న అడుగుతాడు. అది ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు.

మరో చోట ఆయన సర్సామ్ గురించి రాశారు. మెదడు పొరలకు వచ్చే వాపు అది. తలనొప్పి, మెడనొప్పి, వెలుతురు చూడలేకపోవడం వంటి సూచనలు కనబడిన రోగులలో కొందరికి రక్తం తీయించారు, కొందరికి కావాలనే తీయించలేదు. తన చికిత్స నిజంగా పనిచేస్తుందో లేదో సందేహం తీరడానికి ఇలా చేశానని రాశారు. రక్తం తీయని వారికి రోగం ముదిరిందని ఆయన చెప్పిన ఫలితాన్ని నేటి వైద్యం ఒప్పుకోదు. సర్సామ్‌కు రక్తం తీయడం మందు కాదని ఇప్పుడు తెలుసు. రోగి సమ్మతి లేకుండా అలా పరీక్షించడానికి నేడు అనుమతి కూడా లేదు. కానీ మందు ఇచ్చినవారినీ ఇవ్వనివారినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన ఉంది చూశారూ, నేటి వైద్య పరిశోధన అంతా దాని మీదే నిలబడింది.

గ్రీకు వైద్య గురువు జాలీనూస్ మాటను ఎదురు లేని ప్రమాణంగా భావించే కాలమది. రాజీ ఆయనను గురువుగా గౌరవిస్తూనే, ఆయన చెప్పిన వాటిపై తన సందేహాలను ఒక గ్రంథంగా రాశారు. గురువు మీద ప్రేమ ఉన్నా సత్యం దారి సత్యానిదే అన్నది ఆయన పద్ధతి.

మశూచి, తట్టు

రాజీ పేరు లోకమంతా పాకింది మశూచి, తట్టు గురించి రాసిన చిన్న పుస్తకం వల్ల. రెండింటిలోనూ జ్వరం వస్తుంది, ఒళ్లంతా పొక్కుతుంది. మశూచి వచ్చే ముందు నడుమునొప్పి ఎక్కువని, తట్టులో అలజడి, వికారం ఎక్కువని ఆయన రోగులను చూసి తేడా చెప్పారు. నెత్తురు పొంగడం వల్ల మశూచి వస్తుందని ఆయన ఇచ్చిన కారణం సరైనది కాదు. అది వైరస్ వల్ల వస్తుందని తెలియడానికి ఇంకా ఎన్నో శతాబ్దాలు పట్టింది. అయినా కంటితో చూసి రాసినది నిలిచింది. ఆ పుస్తకం లాటిన్‌లోకి, 1848లో ఇంగ్లిషులోకి వెళ్లింది.

మశూచి పోసినప్పుడు కళ్లను ఎలా కాపాడుకోవాలో కూడా ఆ పుస్తకంలో ప్రత్యేకంగా ఉంది. ప్రాణం దక్కినా చూపు పోయిన వారు ఆ రోజుల్లో ఎందరో. మన ఊళ్లలోనూ ముఖాన మచ్చలతో, చూపు లేని కళ్లతో మిగిలిన పెద్దలను చూసినవారు ఇంకా ఉన్నారు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి లోకం నుంచి పోయిందని ప్రకటించింది.

బీదల వైద్యం

పూర్వ వైద్యులు తమ గ్రంథాలలో రాజుల ఖజానాల్లో తప్ప దొరకని మందులు రాశారని రాజీ గమనించారు. అలాంటి పుస్తకం బీదవాడికి ఏం పనికొస్తుంది? అందుకని వంటింట్లో, బజారులో దొరికే వస్తువులతో తల నుంచి పాదం వరకు వచ్చే జబ్బులకు చికిత్సలు చెబుతూ మన్ లా యహ్‌జురుహుత్ తబీబ్ అనే పుస్తకం రాశారు. దగ్గర వైద్యుడు లేనివాడి కోసం అని దాని పేరుకు అర్థం. జనం దాన్ని తిబ్బుల్ ఫుఖరా, బీదల వైద్యం అన్నారు. రయ్ పాలకుడు మన్సూర్ పేరిట పెద్ద గ్రంథం రాసిన కలమే బాటసారి కోసం, పల్లెవాడి కోసం ఈ చిన్న పుస్తకమూ రాసింది.

ఒక మాట దాచకూడదు. తత్వశాస్త్రంలో, ముఖ్యంగా ప్రవక్తల విషయంలో, ఆయనవిగా చెప్పే కొన్ని అభిప్రాయాలను ఉలమాలు గట్టిగా ఖండించారు. వాటిలో చాలా వరకు ఆయన ప్రత్యర్థుల పుస్తకాల ద్వారానే మనకు చేరాయి. లెక్క అల్లాహ్ దగ్గర ఉంది. కానీ ఆ అభిప్రాయాలను కాదన్నవారు కూడా ఆయన వైద్యాన్ని వదులుకోలేదు. మంచి ఎక్కడ దొరికినా తీసుకోవడం విశ్వాసి లక్షణం.

చూపు తగ్గిన రోజులు

రాజీ రాత్రిళ్లు గోడ గూట్లో దీపం పెట్టుకుని, పుస్తకాన్ని గోడకు ఆనించి చదివేవారని అల్ బీరూనీ రాశారు. నిద్ర తూగితే పుస్తకం చేతిలోంచి జారి మెలకువ వస్తుందని ఆ ఏర్పాటు. ఒక్క ఏడాదిలోనే తావీజుల మీద రాసేటంత సన్నని అక్షరాలతో 20,000 పుటలకు పైగా రాశానని, ఒక పెద్ద గ్రంథం కోసం 15 ఏళ్లు రాత్రింబవళ్లు శ్రమించానని రాజీయే తన గురించి చెప్పుకున్నారు. దానితో చూపు మందగించింది. చేతి కండరాలు దెబ్బతిన్నాయి. చదవలేరు, రాయలేరు.

అయినా ఆయన ఊరుకోలేదు. ఒకరిని కూర్చోబెట్టుకుని చదివించుకున్నారు. నోటితో చెప్పి రాయించారు. వైద్యుడు అందని వాడికి పుస్తకాన్ని అందించిన మనిషికి ఇప్పుడు పుస్తకం అందాలంటే మరొకరి కళ్లు, మరొకరి చేయి కావలసి వచ్చాయి. ఆ కళ్లు, ఆ చేయి అరువిచ్చిన వారి పేర్లు చరిత్రలో లేవు. వారు లేకపోతే చివరి నాళ్ల రాజీ మనకు లేరు.

చివరికి చూపు పూర్తిగా పోయింది. తబరిస్తాన్ నుంచి ఒక శిష్యుడు వచ్చి కళ్లకు చికిత్స చేస్తానన్నాడు. రాజీ ఆ పద్ధతంతా అడిగి తెలుసుకున్నారు. శిష్యుడి నేర్పును మెచ్చుకున్నారు. కానీ ఆయుష్షు దగ్గర పడిందని, ఈ వయసులో ఆ నొప్పి ఎందుకని వద్దన్నారు. హిజ్రీ 313 షాబాన్‌లో, క్రీ.శ. 925లో, సొంత ఊరిలోనే కన్నుమూశారు. చాంద్రమానం ప్రకారం 62 ఏళ్లు. ఆయన రచనలు 184 అని అల్ బీరూనీ లెక్క కట్టారు.

సోదరి దాచిన కాగితాలు

రాజీ జీవితాంతం రాసుకున్న వైద్య విషయాలు విడి కాగితాలుగా మిగిలిపోయాయి. వాటిని ఆయన సోదరి భద్రపరిచింది. వజీరు ఇబ్నుల్ అమీద్ ఆమెకు సొమ్మిచ్చి వాటిని తీసుకుని, రాజీ శిష్యులను కూర్చోబెట్టి గ్రంథంగా కూర్పించాడు. అదే అల్ హావీ. అయితే అది ఎంత పెద్దదంటే, నకలు రాయించుకోవడం సామాన్యుల తరం కాలేదు. తన కాలంలో రెండు ప్రతులే ఉన్నట్టు ఎరుగుదునని వైద్యుడు అలీ ఇబ్న్ అబ్బాస్ రాశాడు. అంత విద్య ఉండి కూడా జనానికి అందలేదు.

1279లో సిసిలీకి చెందిన యూదు వైద్యుడు ఫరజ్ ఇబ్న్ సాలిమ్ దాన్ని లాటిన్‌లోకి తెచ్చాడు. 1486లో ఇటలీలోని బ్రేషియాలో అచ్చయింది. అరబ్బీ మూలం అచ్చు కావడం మాత్రం మన హైదరాబాద్ నగరానికి దక్కింది. 1888లో నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్ 1955 నుంచి అల్ హావీని 23 భాగాలుగా ప్రచురించింది. రయ్‌లో ఒక స్త్రీ దాచిన కాగితాలు వెయ్యేళ్లకు మూసీ ఒడ్డున అచ్చుకెక్కాయి.

మన వంతు

ఇప్పుడు కాలం మారింది. చూపు లేనివారికి ఫోనే పుటను చదివి వినిపిస్తోంది. చూపు లేనివారు చదవగలిగే రూపంలోకి పుస్తకాలను మార్చడానికి చట్టం అడ్డు రాకూడదని 2013లో మొరాకోలోని మర్రాకష్ నగరంలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 2014లో దానిని అన్ని దేశాలకంటే ముందు ధ్రువీకరించింది మన దేశమే.

కానీ చట్టం ఉంటే సరిపోదు. పాత పుస్తకాన్ని బొమ్మగా తీసి కంప్యూటర్‌లో పెడితే, చూపున్నవారికి పుస్తకం దొరికినట్టే, లేనివారికి మాత్రం తాళం వేసిన పెట్టె దొరికినట్టు. ఆ బొమ్మను అక్షరాలుగా మార్చి, తప్పులు దిద్దితేనే యంత్రం సరిగా చదవగలదు. మన ఉర్దూ, తెలుగు పుస్తకాలలో ఎన్ని అలా మారాయి? మందు సీసా మీద సన్నని ఇంగ్లిషు అక్షరాలను మన ఇంట్లో అమ్మీజాన్ చదవగలరా? చదవలేకపోతే ఎవరు చదివి చెబుతున్నారు?

చదువుకున్న అబ్బాయీ అమ్మాయీ రోజుకు పావుగంట ఇవ్వగలిగితే చాలు. ఇంట్లో పెద్దవారికి మందుల చీటీ వారి భాషలో చదివి చెప్పవచ్చు. చూపు లేని విద్యార్థికి ఒక పాఠం చదివి వినిపించవచ్చు, పరీక్షలో అతని కోసం కలం పట్టవచ్చు. రాజీకి కళ్లు అరువిచ్చిన పేరు తెలియని ఆ మనుషుల వరుసలో మనకూ చోటుంది.

అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన విద్యను, దాన్ని ఇతరులకు చేర్చే మనసును ప్రసాదించుగాక. ఆమీన్.